విరిగిన బొటనవేలు

చిన్మయి శివరామకృష్ణ గారి దగ్గరికి మొదట వెళ్ళింది దెబ్బలాట నేర్చుకోవడానికి కాదు, పుస్తకాల కోసం. శంషాబాద్‌లో హైవే పక్కన, టైర్ల దుకాణం పై అంతస్తులో ఆయన శిక్షణ కేంద్రం ఉండేది. ఒక వైపు చాపలు పరిచిన హాలు, ఇంకో వైపు ఎయిర్ రైఫిల్‌తో గురి నేర్పే పొడవాటి గది, రెంటికీ మధ్య గాజు తలుపుల బీరువా. ఆత్మరక్షణ మీద, తుపాకి గురి మీద, అడవిలో దారి తప్పితే ప్రాణాలతో బయటపడడం మీద రాసిన పుస్తకాలన్నీ అందులో ఉండేవి. కొత్తగా చేరినవాళ్ళకు ఆయన ఒక్కో రకం నుంచి ఒకటి ఎంచి ఇచ్చి, అవి చదివాకే చాప మీదికి రానిచ్చేవారు.

ఆ బీరువా సంగతి చిన్మయికి చెప్పింది అలీజా. ఇద్దరూ ఎయిర్‌పోర్టు కార్గోలో ఒకే గదిలో ఎగుమతి కాగితాలు చూసేవాళ్ళు. చిన్మయి వాళ్ళది తెనాలి నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడిన కుటుంబం. తండ్రి పోయాక ఇంట్లో తనూ, తల్లి నాగమణీ మిగిలారు. చదవడమంటే చిన్మయికి పిచ్చి. అన్నం తింటున్నప్పుడు కూడా కంచం పక్కన ఏదో ఒకటి తెరిచి ఉండాల్సిందే. ఆరు నెలలు తిరక్కుండానే ఆ బీరువా మొత్తం చదివేసింది.

ఆత్మరక్షణ పుస్తకం ఆమె అనుకున్నట్టు లేదు. గెలవడం గురించి కాదు, పారిపోవడం గురించే ఎక్కువ రాశారు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే వాళ్ళ పట్టు బొటనవేలి దగ్గరే బలహీనమని, విడిపించుకున్నాక ఒక్క క్షణం కూడా అక్కడ నిలబడొద్దని ఉంది. గురి పుస్తకం లక్ష్యం వైపు కాకుండా తుపాకి కొసనున్న గుర్తు వైపు చూడమంది. లక్ష్యం మసగ్గా కనపడినా ఫరవాలేదంది. అడవి పుస్తకమైతే, దారి తప్పామని తెలిసిన వెంటనే చెయ్యాల్సిన పని కూర్చోవడమేనని చెప్పింది. ఇవన్నీ ఆమె శివరామకృష్ణ గారితో గంటలకొద్దీ మాట్లాడేది. ఆయనకు యాభై దాటాయి. ఎక్కడో కాలేజీలో వ్యాయామం నేర్పి, అది మానేసి ఇది పెట్టుకున్నారు. తండ్రి పోయిన తర్వాత తన మాటను చివరిదాకా విన్న పెద్దమనిషి ఆయనొక్కరే అనిపించేది చిన్మయికి.

చదివినంత బాగా చెయ్యడం మాత్రం ఆమెకు చేతకాలేదు. రైఫిల్ పట్టుకుంటే చెయ్యి నిలకడగా ఉండేది గాని, చాప మీద ఎవరైనా ఎదురుగా వస్తే కాళ్ళు వణికేవి. ఒక రోజు ఆయన ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, రోజూ నడిచే దారిలో ఎక్కడ భయమేస్తుందో చెప్పమన్నారు. ఎక్కడ భయమో తెలిస్తే అక్కడికి సిద్ధంగా వెళ్ళొచ్చని పుస్తకంలోనూ ఉంది. చిన్మయి చెప్పింది. కార్గో నుంచి బస్సు స్టాపుకి వచ్చే సర్వీసు రోడ్డులో పొడవాటి ప్రహరీ గోడ ఒకటుంది. ఆ గోడ మలుపు తిరిగే చోట ఇటునుంచి చూసినా, అటునుంచి చూసినా మనిషి కనపడడు. అలీజా సెలవు పెట్టిన రోజు ఒక్కతే ఆ మూల దాటాలంటే గుండె దడదడలాడుతుంది. ఈ సంగతి తల్లికి చెబితే కంగారు పడుతుందని ఎప్పుడూ చెప్పలేదు. అలీజాకి చెబితే సెలవు పెట్టడం మానేస్తుందని చెప్పలేదు.

శ్రావణం ముందు, ముసురు పట్టిన ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే అది జరిగింది. అలీజా ఆ రోజు రాలేదు. చిన్మయి మూల తిరిగేసరికి రెయిన్‌కోటు వేసుకుని, తలకి హెల్మెట్ పెట్టుకున్న మనిషి గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆమె దాటబోతుంటే చెయ్యి పట్టుకుని గోడవైపు లాగాడు. చాప మీద వణికిన కాళ్ళు ఆ రోజు ఏమయ్యాయో తెలీదు. సంచి వదిలేసింది. రెండో చేత్తో అతని బొటనవేలు అందుకుని, ఉన్న బలమంతా పెట్టి వెనక్కి విరిచింది. పుల్ల విరిగినట్టు చప్పుడైంది. అతను అరిచాడు, వదిలేశాడు. ఆమె వెనక్కి చూడకుండా స్టాపు దాకా పరిగెత్తింది.

అక్కడ నిలబడి తల్లికి కాక శివరామకృష్ణ గారికి ఫోన్ చేసింది. ఆయన వెంటనే బండి మీద వచ్చారు. అంత తొందరగా ఎలా వచ్చారో ఆమెకు తట్టలేదు. పోలీసుల దగ్గరికి వెళ్దామంటే ఆయన వద్దన్నారు. ముఖం చూడలేదు కాబట్టి వాళ్ళు చేసేదేమీ ఉండదనీ, ఆడపిల్ల పేరు ఊరికే బయటపడుతుందనీ చెప్పి ఇంటి దాకా దింపారు. విషయం విన్న నాగమణి ఆయనకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మీరు నేర్పబట్టి నా పిల్ల నాకు దక్కిందని ఏడ్చింది. ఆయన ఆ దణ్ణం పుచ్చుకుని, కాఫీ తాగి వెళ్ళారు.

ఆ తర్వాత చిన్మయి లిఫ్టులో ముక్కూమొహం తెలియని మగవాడితో ఎక్కలేకపోయింది. నిద్రలో ఆ వేలు మళ్ళీ మళ్ళీ విరిగేది. నాగమణి మోకాళ్ళ నొప్పులతోనే రోజూ సాయంత్రం కాలనీ మొదట్లో బస్సు దిగే చోటికి వచ్చి నిలబడేది. శివరామకృష్ణ గారు మాత్రం చిన్మయిని చూసి పొంగిపోయారు. ఈ అమ్మాయి పుస్తకంలో చదివి ప్రాణం కాపాడుకుందని అందరికీ చెప్పారు. ఆమెను స్కూళ్ళకి తీసుకెళ్ళి మాట్లాడించారు. ఏ పుస్తకం ముందు చదవాలో, ఏది తర్వాతో పిల్లలకు చెప్పే పని ఆమెకే అప్పగించారు. మాట్లాడిన ప్రతిసారీ భయం కొంచెం తగ్గినట్టుండేది. కొన్నాళ్ళకి కేంద్రం ముందు పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. దాని మీద ఆమె ఫొటో, కింద పేరు.

అలీజాకి అది నచ్చలేదు. "పోలీసుల కాడికి పోతే పేరు ఖరాబైతదన్నడు కదా. ఇప్పుడు ఆయనే రోడ్డు మీద పెట్టిండు. గిదేంది చిన్మయీ?" అంది. చిన్మయికి ఒళ్ళు మండింది. నువ్వు ఆ రోజు సెలవు పెట్టకపోతే ఇదంతా ఉండేదే కాదంది. ఆ మాటతో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఒకే గదిలో కూర్చుని కాగితాలు మాత్రం ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, కార్గో గేటు బయట టీ బండి దగ్గర ఒక మనిషి ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. నలభైకి దగ్గర పడిన మనిషి, ఖాకీ చొక్కా. పేరు జంగయ్య అని, కొత్తూరు నుంచి వచ్చాననీ, అక్కడ వ్యాను నడుపుతాననీ చెప్పాడు. శివరామకృష్ణ గారు పిల్లల్ని అడవి శిబిరాలకి తీసుకెళ్ళేటప్పుడు ఆ వ్యానే మాట్లాడుకునేవారట. చెయ్యి ముందుకి చాపాడు. బొటనవేలు వంకరగా, పక్కకి తిరిగి ఉంది.

"గా రోజు గోడ మూల కాడ మిమ్మల్ని పట్టుకున్నది నేనే మేడం," అన్నాడు.

చిన్మయి రెండడుగులు వెనక్కి వేసింది. అతను ఉన్నచోటే ఉండి, తలెత్తకుండా చెప్పుకుపోయాడు. "ట్రైనింగ్‌ల ఆఖరి పరీక్ష ఇది, మేడంకు అంతా ఎర్కే అన్నడు సారు. ఇయ్యాల మేడం ఒక్కతే వస్తది, గోడ మూల కాడ నిలబడు, చెయ్యి పట్టుకో, లొల్లి చెయ్యంగనే ఇడిసిపెట్టు అన్నడు. మీ మొఖం చూడంగనే సమజైంది, మీకు ఎర్క లేదని. ఇడిసే లోపలనే వేలు ఇరిగింది."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. భయపడ్డానన్నాడు. కేసైతే లైసెన్సు పోతుంది, బండి పోతుంది. సారు కూడా నోరు మూసుకోమన్నాడు. మరి ఇప్పుడెందుకు వచ్చావంటే వంకర వేలు వైపు చూసుకున్నాడు.

"నా బిడ్డ చదివే బడికి మీరొచ్చిండ్రు. ఇంటికొచ్చి, దొంగ గిన పట్టుకుంటే గిట్ల ఇరవాలె బాపూ అని, నా వేలే పట్టుకొని చూపిచ్చింది. ఇగ నాతోని కాలే."

చిన్మయి టీ బండి పక్కనున్న సిమెంటు దిమ్మ మీద కూలబడిపోయింది. తల మీదుగా విమానం ఒకటి దిగుతోంది. ఆమె చెవుల్లో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. గోడ మూల. ఆ మూల సంగతి తను ఈ లోకంలో ఒక్కరికే చెప్పింది.

ఆ సాయంత్రమే కేంద్రానికి వెళ్ళింది. క్లాసు ఇంకా మొదలుకాలేదు. శివరామకృష్ణ గారు చాపలు దులుపుతున్నారు. జంగయ్య వచ్చి అంతా చెప్పాడంది. ఆయన కాదనలేదు. చాప కింద పెట్టి, కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు.

"పుస్తకాలన్నీ చదివావమ్మా. చాప మీద నిలబెడితే వణికిపోయేదానివి," అన్నారు ఆయన, ఎప్పటిలాగే నెమ్మదిగా. "నీలో ఎంత శక్తి ఉందో నాకు తెలుసు, నీకు తెలీదు. అది నీకు చూపించాలనుకున్నాను. చూశావుగా?"

"మా అమ్మ మీకు దణ్ణం పెట్టింది సార్."

ఆయన కిటికీ వైపు తిరిగి, ఆమెను చూసి ఎందరు ఆడపిల్లలు ఇక్కడికి వస్తున్నారో ఆలోచించుకోమన్నారు. ఇది బయటపడితే వాళ్ళ తల్లిదండ్రులు మళ్ళీ పంపించరనీ, నష్టపోయేది వాళ్ళేననీ అన్నారు. ఆయన గొంతులో ఎక్కడా తడబాటు లేదు. తప్పు చేశానని ఆయనకు నిజంగానే అనిపించడం లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. కోపం కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది. ఏడుస్తారనో, బతిమాలుతారనో దారంతా అనుకుంటూ వచ్చింది.

"నా భయం మీ చేతిలో పెట్టాను సార్," అంది. "మీరు దాన్ని మీ పనికి వాడుకున్నారు."

మెట్లు దిగి వచ్చి మొదట అలీజాకి ఫోన్ చేసింది. క్షమించమని అడిగింది. అలీజా ఎక్కడున్నావని మాత్రమే అడిగింది. వాళ్ళ అన్న ఆటోలో వచ్చి, ఆమెను బడంగ్‌పేట్ దాకా తీసుకెళ్ళింది. ఆ రాత్రి అలీజా అక్కడే ఉండిపోయింది. నాగమణి అంతా విని, వంటింట్లోకి వెళ్ళి, ఆయన కాఫీ తాగిన కప్పు తీసి చెత్తబుట్టలో పడేసింది.

మర్నాడు పోలీసు స్టేషన్‌కి ముగ్గురు వెళ్ళారు: చిన్మయి, అలీజా, జంగయ్య. తన మీదా కేసవుతుందని తెలిసే జంగయ్య వాంగ్మూలం ఇచ్చాడు. శివరామకృష్ణ గారిని పిలిపించారు. ఆయనకు బెయిలు దొరికింది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఫ్లెక్సీ దించేశారు గాని, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో సగం మంది ఇప్పటికీ ఆయన పక్షమే. ఆ అమ్మాయికి మేలు చేయబోతే ఇలా చేసిందని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం ఆమె చెవిన పడింది.

తను మాట్లాడిన స్కూళ్ళన్నిటికీ చిన్మయి మళ్ళీ వెళ్ళింది. కొన్నిచోట్ల లోపలికి రానివ్వలేదు. జంగయ్య కూతురు చదివే బడిలో హెడ్మిస్ట్రెస్ రుక్మిణమ్మ మాత్రం పిల్లల్ని కూర్చోబెట్టింది. చిన్మయి జంగయ్య పేరు ఎత్తకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక పిల్ల లేచి, అయితే మీరు గెలవలేదా అక్కా అని అడిగింది. చిన్మయి ఆలోచించింది.

"అతను వదిలేయడానికే వచ్చాడు. నాకది తెలీదు," అంది. "గెలిచానో లేదో నాకిప్పటికీ తెలియడం లేదమ్మా. మీకు చెప్పినప్పుడు మాత్రం గెలిచాననే అనుకున్నాను."

ఇప్పుడు అలీజాతో కలిసి మైలార్‌దేవ్‌పల్లిలో ఒకావిడ దగ్గర నేర్చుకుంటోంది. ఆవిడ పుస్తకాలేవీ ఇవ్వదు. చిన్మయి తనే కొనుక్కుని చదువుతుంది. మొన్న అబిడ్స్‌లో పాత పుస్తకాల మధ్య, మంచు కొండల్లో చిక్కుకున్నవాళ్ళు ఎలా బయటపడాలో రాసిన పుస్తకం ఒకటి దొరికింది. నిలబడే పది పేజీలు చదివింది, చాలా బాగుంది. ఈ సంగతి ఆయనకు చెప్పాలని చెయ్యి ఫోన్ మీదికి పోయింది. పోయిన చేతిని వెనక్కి తీసుకుని, ఆ పుస్తకం పట్టుకుని చాలాసేపు ఫుట్‌పాత్ మీదే నిలబడింది.