ఇంట్లో మనిషి ఉండాలి

పొద్దున్న ఐదున్నరకి మోటారు వేసి, ట్యాంకు నిండేలోగా వాకిలి తుడవడం పద్మకుమారికి అలవాటు. తర్వాత టీ, టిఫిను, భర్త మోహనకృష్ణ ధాన్యం కొట్టుకి బయల్దేరేసరికి క్యారేజీ. ఎనిమిదిన్నర దాటితే ఆమెకి పనుండదు. రాజాంలో వాళ్ల వీధి చివరున్న పాలబూతు వరకూ వెళ్లి రావచ్చు. అంతవరకూ ఇల్లు ఊరుకుంటుంది.

పాలబూతు దాటితే ఏదో ఒకటి పాడవుతుంది. కూరగాయల బజారుకి వెళ్తే కొళాయి కారుతుంది. చీపురుపల్లి వెళ్తే మోటారు కాలుతుంది. కోటబొమ్మాళిలో చెల్లెలు భారతి గృహప్రవేశానికి వెళ్లిన రోజు ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు కలిసి పోయాయి. రిపేర్లు చేసే జగన్నాధం పాడైన వస్తువుని తిప్పి చూసి, పద్మకుమారి ఎంత దూరం వెళ్లొచ్చిందో చెప్పగలడు.

అంతకుముందు ఆ ఇల్లు అత్త లక్ష్మణమ్మని పట్టుకుంది. ముప్ఫై ఏళ్లు ఆవిడ వీధి మలుపు దాటలేదు. చనిపోయినప్పుడు పాడె గేటు దాటగానే ఇంట్లో బల్బులన్నీ మాడిపోయాయి. కర్మకాండ అయ్యాక పద్మకుమారి తను నర్సుగా చేస్తున్న క్లినిక్‌కి బయల్దేరింది. పాలబూతు దాటిందో లేదో వంటింట్లో గొట్టం పగిలింది.

"ఇంక నిన్ను పట్టుకున్నాదన్నమాట," అంది పక్కింటి అసిరమ్మ, నీళ్లు తోడడానికి బకెట్ తెచ్చి సాయం చేస్తూ.

ఆ నెలలోనే పద్మకుమారి ఉద్యోగం మానేసింది. అదంతా జరిగి పన్నెండేళ్లు.

మొన్న ఆషాఢంలో గజపతినగరం నుంచి రాణి ఫోన్ చేసింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే క్లినిక్‌లో చేసేవారు. "మా ఆసుపత్రిలో కాన్పుల వార్డుకి మనిషి కావాల. నీ పేరు సెప్పేను. సోమవారం రాకపోతే ఇంకోలని తీసేసుకుంతారు," అంది.

మోహనకృష్ణ వద్దనలేదు. ఆమె ఊరెళ్తే వస్తువులు పోవడానికి విరుగుడు కూడా చూశాడు. శనివారం మధ్యాహ్నం శ్రావణి అనే అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె ఇంటి వస్తువులకి వారంటీ పాలసీలు అమ్ముతుంది. ఏడాదికోసారి కడితే మోటారు, ఫ్రిజ్, వైరింగు, గొట్టాలు, ఏది పాడైనా కంపెనీయే మెకానిక్‌ని పంపుతుందని కాగితాలు పరిచి చెప్పింది.

"ఎన్నిసార్లు పాడైనానా?" అంది పద్మకుమారి.

"ఎన్నిసార్లైనానండి."

"నాను ఊరెల్తే పోయినవి?"

శ్రావణి తడుముకోకుండా ఏడో పేజీ తిప్పింది. "వస్తాయండి. ఇల్లు మనిషిని పట్టుకున్న కేసులకి కొంచెం ఎక్కువ కట్టాల, అంతే. ఈ జిల్లాలో శానామంది తీసుకుంతన్నారు."

"సూసేవా, కుమారీ," అన్నాడు మోహనకృష్ణ. "ఇంకేటి నీకు బెంగ?"

పద్మకుమారి కాగితం దగ్గరికి లాక్కుని మొదట్నుంచీ చదివింది. చివరి పేజీలో చిన్న అక్షరాల దగ్గర ఆగింది. మెకానిక్ వచ్చే సమయానికి, ఇల్లు ఎవరిని పట్టుకుందో ఆ మనిషి ఇంట్లో ఉండి సంతకం పెట్టాలి. లేకపోతే పాలసీ చెల్లదు.

"మరి నాను ఎలా ఎల్తాను?" అంది.

మోహనకృష్ణ కూడా వంగి చదివాడు. కాసేపు చెవి గోక్కున్నాడు. "పోనీ, వస్తువులకైనా గేరంటీ ఉంతాది గదా. తీసుకుందాం. తర్వాత సూద్దాం."

పన్నెండేళ్లలో ఏ వస్తువూ బాగుకాకుండా ఉండిపోలేదని పద్మకుమారికి అప్పుడు తట్టింది. కబురెడితే జగన్నాధం గంటలో వచ్చేవాడు. తలుపు తియ్యడానికి తనుండేది. ఈ పాలసీ తీసుకున్నా తలుపు తను తియ్యాల్సిందే. పైన తిరిగే ఫ్యాను గాలి ముఖానికి తగలకుండా చుట్టూ ఎక్కడో తిరిగి పోతున్నట్టనిపించింది.

"నీకు పెళ్లయిందా, అమ్మా?" అని శ్రావణిని అడిగింది.

"లేదండి."

"మీ ఇల్లు నిన్ను పట్టుకోలేదా?"

"మా అమ్మని పట్టుకున్నాదండి. అందుకే నాను తిరగ్గలుగుతన్నాను." ఆ అమ్మాయి తల వంచుకుని పెన్ను మూత పెట్టింది.

పద్మకుమారి కాగితాలు సర్ది తిరిగిచ్చేసింది. "మాకొద్దమ్మా," అంది. మోహనకృష్ణ ఏదో అనబోతే, "సోమవారం నువ్వు కొట్టుకెల్లకు, బావా. ఏది పోతే అది, జగన్నాధాన్ని పిలిసి సేయించు. నాను ఎల్తన్నాను," అంది.

ఆమె అలాంటి గొంతుతో మాట్లాడడం అతను ఎప్పుడూ వినలేదు. తలూపాడు.

సోమవారం ఆరున్నర బస్సు. బజారు దాటుతుండగా మొదటి ఫోను. కొళాయి. చీపురుపల్లిలో రెండోది. మోటారు. "గంగాళం నిండా నీళ్లున్నాయి, వాడుకో," అంది. గరివిడి దాటాక ఫ్రిజ్ పోయింది. పాలు కాచి పెట్టమంది. ప్రతిసారీ కాళ్లు లేచి బస్సు దిగిపోతామన్నాయి. ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

గజపతినగరంలో దిగాక ఫోను రాలేదు. ఆసుపత్రిలో రాణి తెల్లకోటు ఇచ్చింది. పదింటికి ఒక కాన్పు, పన్నెండున్నరకి ఇంకోటి. రెండో బిడ్డ ఏడవడానికి కాస్త ఆలస్యం చేసింది. పద్మకుమారి ఆ బిడ్డ నోరు తుడిచి, వీపు రుద్దింది. చేతులు ఏమీ మరిచిపోలేదు.

మూడింటికి తనే ఇంటికి ఫోన్ చేసింది.

"ఇంకేటైనా పోయిందా, బావా?"

"లేదు. జగన్నాధం వచ్చి అన్నీ సేసేడు. పొద్దున్నుంచీ పక్కనే ఉండి సూసుకున్నాను." మోహనకృష్ణ ఆగాడు. "అతనెల్లేక ఓపాలి కొట్టుకెల్దామని బయల్దేరేను. పాలబూతు దాటేసరికి అసిరమ్మ కేకేసింది. మనింట్లోంచి పొగ వస్తన్నాదట. మీటరు కాడ వైరు. ఎనక్కొచ్చేసేను. వచ్చేక మళ్లీ ఏటీ లేదు."

పద్మకుమారి ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుంది. అవతల అతని ఊపిరి వినిపిస్తోంది. పన్నెండేళ్ల కిందట, పగిలిన గొట్టం ముందు తడిసిపోయి నిలబడి తను పీల్చిన ఊపిరి అది.

"కుమారీ, ఏటిది?" అన్నాడు చాలా చిన్నగా.

వార్డులోంచి రాణి పిలిచింది. మూడో ఆవిడకి నొప్పులు మొదలయ్యాయి.

"కంగారుపడకు. కూకో," అంది పద్మకుమారి. "నానొచ్చేసరికి ఏడవుతాది. బియ్యం కడిగి అన్నం పెట్టు."

ఫోను జేబులో వేసుకుని వార్డులోకి నడిచింది.