బోర్లా పడుకుని అడిగే కోరిక

నైలు ఒడ్డున ఉన్న మా నపట రాజ్యంలో రాజు పోతే కొడుకుల్లో పెద్దవాడెవరని ఎవరూ చూడరు. కొండ కింది గుడిలో, అమున్ దేవుణ్ణి గర్భగుడిలోంచి మండపంలోకి పల్లకిలో తెస్తారు. వరుసలో నిలబడ్డ రాజకుమారుల్లో ఎవరి ముందు పల్లకి ఆగితే అతను నేల మీద బోర్లా పడుకుని కిరీటం అడగాలి. ఒక్కొక్కరికీ ఒక్క కోరికే. మిగిలినవాడి సంగతి ఎవరూ పైకి మాట్లాడరు. పోయిన రాజుగారి తమ్ముణ్ణి నైలు అవతలి ఇసుకలోకి తీసుకెళ్ళిన భటులు మాత్రమే తిరిగొచ్చారు.

ఈసారి వరుసలో ఇద్దరే. పెద్దరాణి కొడుకు అరెతెకొ, చిన్నరాణి కొడుకు మలిఖర్. తల్లులు వేరైనా పాలు మాత్రం నావే. రాణులకేం, కని నా ఒళ్ళో పడేశారు. సైన్యం పెద్దవాడి వైపు, పూజారులు చిన్నవాడి వైపు. నేనెవరి వైపని వంటింటి ఆడవాళ్ళు అడిగితే గరిటె విసిరాను.

పల్లకి వచ్చే రోజు పొద్దున ఇద్దరికీ తల గొరిగింది నేనే.

"ఏంటి పాలమ్మా, కత్తి అంత గట్టిగా నొక్కుతున్నావు? దేవుడి దాకా ఎందుకని నువ్వే తేల్చేస్తావా?" అన్నాడు అరెతెకొ.

"నోర్ముయ్. కదిలావంటే చెవి తెగుద్ది."

మలిఖర్ నవ్వలేదు. "అన్నయ్యా, నువ్వు రాజైతే నన్ను బతకనిస్తారా?"

"మా సేనాపతి సంగతి నీకు తెలుసుగా. నువ్వు రాజైతే మీ పూజారులు నన్ను ఉంచుతారా?"

నేను తల గొరగడం ఆపి కాసేపు కళ్ళు తుడుచుకున్నాను.

గుడి మండపంలో పల్లకి పెద్దవాణ్ణి దాటి చిన్నవాడి ముందు ఆగింది. మోసేది పూజారులే కాబట్టి నేనేమీ ఆశ్చర్యపోలేదు. అప్పుడే ఇద్దరు భటులు అరెతెకొ వెనక చేరారు.

మలిఖర్ బోర్లా పడుకున్నాడు. "స్వామీ, మా అన్నయ్య ప్రాణం నాకివ్వు."

"కిరీటం బాబూ, కిరీటం అడగండి!" అని పెద్ద పూజారి గొణిగాడు.

"అడగడం అయిపోయిందండీ. ఒకటేగా."

అతను కిరీటం అడగలేదు కాబట్టి, ఆచారం ప్రకారం పల్లకి వెనక్కి తిరిగి అరెతెకొ ముందుకొచ్చింది. సేనాపతి మొహం చేటంత అయింది. ఇప్పుడు పెద్దవాడు కిరీటం అడిగితే చిన్నవాడికి దిక్కెవరు? తనకున్న ఒక్క కోరికా అన్నకు ఇచ్చేసుకున్నాడు, పిచ్చి సన్నాసి. వాడి మీద అంత కోపం, అంత ప్రేమ ఒకేసారి నాకెప్పుడూ రాలేదు.

అరెతెకొ బోర్లా పడుకుని కిరీటం వైపే చూశాడు. చిన్నప్పటి నుంచీ వాడికి రాజవ్వాలని ఎంత ఆశో నాకు తెలుసు. చివరికి తమ్ముడి వైపు తల తిప్పాడు.

"ఎంత పని చేశావురా మలీ" అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "స్వామీ, కిరీటం మా తమ్ముడికివ్వు."

"ఇదెక్కడి చోద్యం! ఇంకొకళ్ళ కోసం అడగడమేంటి?" అని సేనాపతి అరిచాడు.

ఆడవాళ్ళు నోరెత్తకూడని చోటది. అయినా ఎత్తాను. "దేవుడు విన్నాడయ్యా! నీకే చెవుడు!"

పెద్ద పూజారి కిరీటం అందుకుని మలిఖర్ తల మీద పెట్టాడు. అరెతెకొ వెనకున్న భటులు ఒక్కొక్కరే పక్కకు జరిగారు. నేను స్తంభం పట్టుకుని నేల మీద కూలబడి, సిగ్గు లేకుండా పెద్దగా ఏడ్చాను. నా బిడ్డలు ఇద్దరూ ఆ గుడిలోంచి నడిచి బయటికొచ్చారు.