గోరుచుట్టు, క్లారినెట్టు

పెనుబల్లి బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించే మహబూబ్ అలీ కాలు ఆ ఫాల్గుణంలో నేల మీద నిలవలేదు. అది ఎనభై నాలుగో సంవత్సరం. భద్రాచలంలో ఒక కలప కాంట్రాక్టరు బిడ్డ పెళ్ళికి వాళ్ళ మేళాన్ని మాట్లాడుకున్నారు. మగపెళ్ళివారు రాజమండ్రి వైపు వాళ్ళు. తమ మేళాన్ని తామే వెంటబెట్టుకొస్తున్నారు. ఎదురుకోలు వేళ రెండు మేళాలూ ఎదురెదురుగా నిలబడి వాయించాలి. అటువైపు క్లారినెట్టు వెంకటనారాయణది. ఆయన పేరు చెబితే గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా బ్యాండు వాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు.

మహబూబ్‌కు ఇంకా ముప్పై నిండలేదు. మిరప తోటల్లో కాయ ఏరుతూ తండా ఆడవాళ్ళు పాడుకునే పాట ఒకటి గట్టు మీద నిలబడి విన్నాడు. దాన్ని మోహన రాగం వైపు మళ్ళించి తనదైన పాట కట్టుకున్నాడు. అడుగు స్వరాల్లో ఎవరో దూరంనుంచి పిలిచినట్టు మొదలై, ఒక్కో మెట్టూ ఎక్కి, చివరికి కొండ మీద నిలబడి బదులు పలికినట్టు ముగుస్తుంది. ఆ పాటను వెంకటనారాయణ ముందు వాయించబోతున్నానన్న తలపు వస్తే చాలు, అతని ఒళ్ళు ఊరుకునేది కాదు. ఉత్సాహం వస్తే గోళ్ళు కొరకడం అతనికి చిన్నప్పటి అలవాటు. ఆ కొరుకుడులోనే కుడిచేతి నడివేలి గోరు పక్కన తోలు లేచింది. పళ్ళతో పట్టి లాగేశాడు.

రెండ్రోజులకు అక్కడ ఎర్రగా వాచింది.

"అజీ, ఏందది? ఏలు చూపియ్యండి," అన్నది భార్య జహీదా, అన్నం పెడుతూ.

"ఏం లేదు. కొంచెం తోలు లేచింది, పీకేసిన."

"గోరుచుట్టు లేస్తున్నది. ప్రయాణం ముంగట ఇదేంది?"

గోరుచుట్టుకు అందరూ చేసేదే ఆమె కూడా చేసింది. నిమ్మకాయకు బెజ్జం పెట్టి, కాస్త పసుపు అద్ది వేలికి టోపీలా తొడిగింది. చల్లగా హాయిగా అనిపించింది. మహబూబ్ ఆ నిమ్మకాయ వేలు పైకెత్తి పట్టుకునే, ఊదకుండా మిగతా వేళ్ళతోనే పాట మననం చేసుకున్నాడు. జహీదా చూసి నవ్వింది. "గట్లనే పెండ్లికి పోండి. పెండ్లికొడుకును చూసుడు మానేసి అందరూ మిమ్మల్నే చూస్తరు," అన్నది.

ప్రయాణం ముందు రాత్రి నొప్పి నిద్ర పోనివ్వలేదు. అయినా నిమ్మకాయ చూసి అడిగినవాళ్ళకు ఏం లేదన్నాడే తప్ప, నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మేస్త్రీ అబ్దుల్ సత్తార్ ఇంకెవరినైనా తీసుకుపోతాడేమోనని భయం. సత్తార్ ఆ మేళానికి పెద్ద, ట్రంపెట్ వాయిస్తాడు. సైడు డ్రమ్ము ముత్యాలుది. మిగతావాళ్ళవి డోళ్ళు, తాళాలు. అందరూ తెల్లవారే బస్సెక్కారు. అడవి దారిలో ఇప్పపూల వాసన కిటికీల్లోంచి మత్తుగా లోపలికి వస్తున్నది. కొత్తగూడెం దాటేదాకా నవ్వులే నవ్వులు. పాల్వంచ దగ్గర గేదెలు అడ్డం రాగా డ్రైవరు బ్రేకు కొట్టాడు. ముందు సీటు కడ్డీకి మహబూబ్ వేలు పోయి తగిలింది.

అతని కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి.

"గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనేమో అన్నా," అంటూ ముత్యాలు అతని చెయ్యి పట్టుకుని నిమ్మకాయ తీశాడు. వేలి కొస నీళ్ళలో నానిన తోలులా తెల్లబడింది. గోరుకు ఒక పక్క ఎర్రగా ఉబ్బి, ఆ ఉబ్బులో పసుపుపచ్చగా చీము కనబడుతున్నది.

సత్తార్ వచ్చి వంగి చూశాడు. తిట్టలేదు. "మా బావమరిది గిట్లనే ఊకున్నడు. వాపు మోచేతి దాకా పోయింది. బస్సు దిగంగనే దవాఖానాకు పోదాం," అన్నాడు.

"ఏలు కోస్తే ఎట్ల భాయ్? పొద్దుగూకేసరికి వాయించాలె."

"వాయించుడు తర్వాత. ముందు ఏలుండాలె కదరా."

బస్సు సారపాక దాటి వంతెన ఎక్కింది. కింద గోదావరి ఎండకు మెరుస్తున్నది. చిన్నప్పటి నుంచి ఆ వంతెన మీద కిటికీకి అతుక్కుపోయే మహబూబ్ ఆ పూట వేలి వంకే చూస్తూ కూర్చున్నాడు.

దవాఖానాలో డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి, వచ్చి ఏడాది కూడా కాలేదు. వేలు పట్టుకోకుండా ముందు చెయ్యంతా తిప్పి చూసింది. మణికట్టు మీదుగా పైకి ఎర్రటి చార ఏమైనా పాకిందా అని వెదికింది. చంకలో గడ్డ కట్టిందేమో నొక్కి చూసింది. జ్వరం లేదు. చక్కెర జబ్బు ఉందా అని అడిగింది. లేదన్నాడు.

"నొప్పి గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుందా?"

"అవ్ మేడం. రాత్రి కన్ను మూయనియ్యలే."

"అంటే చీము పట్టింది. ఉత్త వాపైతే రోజుకు నాలుగుసార్లు గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, మందు వేసుకుని చూడొచ్చు. ఇలా పచ్చగా గూడు కట్టాక నిమ్మకాయ కాదు కదా, నిమ్మతోట పెట్టినా తగ్గదు. దారి చేసి బయటికి పంపాల్సిందే."

"ఏలు పోతదా?"

"వేలూ పోదు, గోరూ పోదు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఈ మాట చెప్పలేకపోదును."

వేలి మొదట్లో అటొకటి ఇటొకటి సూది వేసింది. కాసేపటికి వేలు తనది కానట్టు మొద్దుబారింది. గోరంతా కోసేస్తుందనుకుని మహబూబ్ కళ్ళు మూసుకున్నాడు. ఆమె మాత్రం సన్నటి బ్లేడు కొసను గోరు అంచు వెంట పక్కవాటుగా లోపలికి జరిపి, తోలును కాస్త ఎత్తింది, అంతే. చీము బొట్లుబొట్లుగా దూదిలోకి దిగింది. ఆమె కడిగి, కట్టు కట్టి, ధనుర్వాతానికి సూది వేసి, మాత్రలు రాసిచ్చింది. తగ్గినట్టున్నా మాత్రలు మధ్యలో ఆపొద్దన్నది. రేపు పొద్దున మళ్ళీ చూపించుకోమన్నది.

"గోళ్ళు కొరకడం, పక్క తోలు పీకడం మానండి. పురుగు దూరడానికి తలుపు తీసేది మీరే. రెండు రోజులు ఆ వేలికి ఏ పనీ చెప్పకండి."

"మిగతా ఏళ్ళకు చెప్పొచ్చా మేడం?"

ఆమె నవ్వింది. "అవి మీ ఇష్టం."

వాళ్ళు లేవబోతుంటే ముత్యాలు కదల్లేదు. వంచిన తల ఎత్తకుండా బ్యాండు బూటు విప్పాడు, మేజోడు విప్పాడు. కాలి బొటనవేలి గోరు ముదురు పసుపు రంగులో దళసరిగా పెరిగి, అంచున సుద్దలా రాలిపోతున్నది.

"ఇది నొప్పి లేదు డాక్టరమ్మా. రెండేండ్ల సంది గిట్లనే ఉన్నది. ఎవ్వరికీ చూపియ్యలే." గొంతు తగ్గించి అడిగాడు, "పెద్దరోగమా?"

ఆమె అతన్ని కళ్ళు మూసుకోమని, దూదిపోగుతో వేళ్ళ మీదా పాదం మీదా అక్కడక్కడా తాకించింది. తాకిన చోటల్లా ముత్యాలు "ఇక్కడ, ఇక్కడ" అంటూ వేలు పెట్టి చూపించాడు. ఒంటి మీద మచ్చలేమీ లేవు.

"కుష్ఠు కాదయ్యా. ఇది బూజు. రొట్టెకు పట్టినట్టే గోరుకూ పడుతుంది. చెమట పట్టిన బూటులో కాలు నానుతుంటే దానికి పండగ. గోరు పొడి గీకి పరీక్షకు పంపుతాను. బూజేనని తేలితే మాత్రలిస్తాను. కానీ నెలల తరబడి వాడాలి. పాడైన గోరు బాగుపడదు, కొత్తది మొదట్నుంచి పెరిగి దాన్ని బయటికి నెట్టాలి. కాళ్ళు తుడిచి ఆరబెట్టుకో. నీ గోళ్ళు తీసుకునే బ్లేడు ఇంకొకరికి ఇవ్వకు."

ముత్యాలు మేజోడు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. "రెండేండ్లు నా పోరన్ని ఒళ్ళె కూసోబెట్టుకోలే డాక్టరమ్మా," అన్నాడు. సత్తార్ అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించుకొచ్చాడు. వీధిలోకి రాగానే ముత్యాలు డ్రమ్ము పుల్లలు తీసి, ఆగి ఉన్న రిక్షా మీద చిన్న దరువు వేశాడు. రిక్షావాడు కూడా నవ్వాడు.

మేళానికి ఇచ్చిన బసకు చేరాక మహబూబ్ క్లారినెట్టు అమర్చుకున్నాడు. నొప్పి మాయమైంది, కానీ నడివేలు కట్టె. ఆ వేలు మూయాల్సిన రంధ్రం తెరుచుకునే ఉంటే దాని కింది స్వరాలేవీ పలకవు. పాట మొదలయ్యేదే అక్కడ. ఒకటికి రెండుసార్లు ఊదాడు. గాలి చీల్చుకుపోయింది. కింద కూర్చుని తల పట్టుకున్నాడు. కాసేపటికి ఎడమచేతి వేళ్ళతో పలికే స్వరాలు మాత్రమే ఊదుకుంటూ పోయాడు. పై స్థాయి ఉంది. కొండ మీది బదులు ఉంది. కింది పిలుపే లేదు.

"భాయ్, పిలుపు మీరు వాయిస్తరా? నేను బదులిస్త."

"నా ట్రంపెట్‌కు గంత మెత్తగా పలుకుడు రాదురా," అన్నాడు సత్తార్. అయినా పెదాలు తడుపుకుని పక్కన కూర్చున్నాడు.

పొద్దు గోదావరి వైపు వాలుతుండగా మగపెళ్ళివారి కార్లు వచ్చి ఆగాయి. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు జనం. అరుగుల మీద, గోడల మీద, ఆపేసిన లారీ మీద కూడా ఎక్కారు. వెంకటనారాయణ సన్నటి మనిషి, నెరిసిన మీసం. ముందు ఆయనే వాయించాడు. వేళ్ళు కదిలినట్టే కనబడలేదు, స్వరాలు మాత్రం జలజలా రాలాయి. జనం ఈలలు వేశారు. మహబూబ్‌కు భయం వెయ్యలేదు. అంత గొప్పగా వాయించే మనిషి పది అడుగుల దూరంలో ఉన్నాడన్న సంబరమే గుండెలో నిండిపోయింది.

సత్తార్ పిలుపు అందుకున్నాడు. కాస్త గరుకుగా ఉన్నా నిలిచింది. మహబూబ్ తెల్లటి కట్టు వేలిని పక్కకు చాపి పైనుంచి బదులిచ్చాడు. ఆ స్వరం సన్నగా, నిటారుగా లేచింది. ముత్యాలు డ్రమ్ము మీద చినుకులు రాల్చాడు. రెండో పిలుపు దగ్గర సత్తార్ ఊపిరి చాల్లేదు. ట్రంపెట్ ఒక్కసారి కీచుమని ఆగిపోయింది.

జనంలో ఎవరో నవ్వబోయారు. ఆ ఖాళీలోకి ఎదుటి నుంచి మెత్తటి అడుగు స్వరం వచ్చింది. వెంకటనారాయణ మహబూబ్ కట్టు వేలినే చూస్తూ, ఒక్కసారి విన్న పిలుపును దిద్దినట్టు పలికించి ఆగాడు. ఇప్పుడు నువ్వు అన్నట్టు కనుబొమ్మ ఎత్తాడు.

మహబూబ్ బదులిచ్చాడు. ఆయన ఇంకోలా పిలిచాడు. ఇతను ఇంకోలా పలికాడు. అడవిలో దారి తప్పిన ఇద్దరు ఒకరి గొంతు పట్టుకుని ఒకరు దగ్గరవుతున్నట్టు రెండు క్లారినెట్లూ అడుగు అడుగూ జరిగాయి. ముత్యాలూ, అవతలి డ్రమ్మువాడూ దరువు కలిపేశారు. పెళ్ళికొడుకును దింపాల్సిన పెద్దలు దండలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. పురోహితుడు వర్జ్యం వస్తుందని చెబుతూనే తొడ మీద తాళం వేస్తున్నాడు. చివరి స్వరం దగ్గర ఇద్దరూ కలిసి పైకి లేచి ఆగేసరికి వీధంతా హోరెత్తిపోయింది. ఎవరు గెలిచారని అడిగిన వాడు లేడు.

జనం సద్దుమణిగాక వెంకటనారాయణ దగ్గరికొచ్చాడు. "గోరుచుట్టేనా? ఆసుపత్రికి వెళ్ళావా?"

"పొద్దుగాల్నే కోయించుకున్న గురువుగారూ."

"మంచి పని చేశావు. నేను నిమ్మకాయల మీద నిమ్మకాయలు మార్చాను." తన ఎడమచేతి చూపుడువేలు చూపించాడు. గోరు సగమే ఉంది, అదీ వంకరగా. "ఒక ఏడాది పెళ్ళిళ్ళన్నీ ఇంట్లో కూర్చుని విన్నాను. సరే, ఆ పాట ఎక్కడిది?"

మహబూబ్ మిరప తోటల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. భోజనాలకు పిలిచేదాకా ఇద్దరూ అక్కడినుంచి కదల్లేదు.

మర్నాడు డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, వాపు దిగిందన్నది. వారం తిరిగేసరికి మహబూబ్ నడివేలు మళ్ళీ తన రంధ్రం మీదికి చేరింది. ముత్యాలు గోరు పొడిలో బూజే ఉందని తేలింది, మాత్రలు మొదలుపెట్టాడు. తొలకరి నాటికి అతని కాలి బొటనవేలి మొదట్లో గులాబీ రంగు గోరు సన్నటి అంచులా కనబడింది. అతను మేళంలో అందరికీ బూటు విప్పి చూపించాడు. పక్కూరి తండాలో హరిలాల్ అనే రైతు వేలు వాచి నిమ్మకాయ పెట్టుకుంటుంటే, ముత్యాలే సైకిల్ ఎక్కించి దవాఖానాకు తోలుకుపోయాడు.