కదలని కాలు

పశువైద్యుడు అక్క ఇంటికి వెళ్ళేసరికి బొద్దు వంటగది గుమ్మంలో ముందు కాలు పైకెత్తుకుని కూర్చుని ఉంది. బొద్దు ఆమె పెంచుకుంటున్న కుక్క. గాజుపెంకు తొక్కి అరికాలు లోతుగా తెగింది. కుట్లు తప్పవు. సంచీలో మత్తు సూది ఉంది గానీ, గాయం చుట్టూ తిమ్మిరెక్కించే మందు ఆసుపత్రి అలమారలో ఉండిపోయింది. వెళ్ళి తేవడం పెద్ద పనేం కాదు. కానీ అత్తవారింట్లో అందరూ భోజనానికి అతని కోసం కాచుకుని ఉన్నారు. భార్య ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. నాలుగు కుట్లే కదా అనుకున్నాడు.

సూది వేశాక కుక్క మెల్లగా ఒరిగిపోయింది. అక్క దాని తల ఒళ్ళో పెట్టుకుని, నొప్పి తెలుస్తుందేమో అని అడిగింది.

“నిద్రపోతోంది కదక్కా, దానికేం తెలీదు. నువ్వు తల గట్టిగా పట్టుకో చాలు.”

రెండో కుట్టు దగ్గర అతని మోచెయ్యి కుక్క ఛాతీకి ఆనింది. ఆ మందుకి నెమ్మదించాల్సిన గుండె దడదడ కొట్టుకుంటోంది. మత్తు ఒంటిని పడుకోబెట్టింది గానీ నొప్పిని కాదు. అరవడానికి నోరు రాదు, లాక్కోవడానికి కాలు రాదు, అంతే. చదువుకునే రోజుల్లోనే బట్టీ పట్టిన సంగతి ఇది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అక్క వంక చూడకుండా మిగతావి కూడా కుట్టేశాడు.

ఆ తర్వాత అక్క కనబడినవాళ్ళందరికీ తమ్ముడి హస్తవాసి గురించి గొప్పగా చెప్పుకుంది. కుక్క కిక్కురుమనలేదట. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది.

కుట్లు విప్పే రోజున గుమ్మంలో అతని గొంతు వినగానే బొద్దు మంచం కిందికి దూరి అక్కడే తడిపేసింది. బాగుచేసినవాడి మీద విశ్వాసం లేదా అని విసుక్కుంటూ అక్క చెయ్యెత్తింది.

“కొట్టకక్కా. తప్పు దానిది కాదు,” అంటూ జరిగిందంతా చెప్పేశాడు.

అక్క మంచం మీద కూలబడింది.

“దానికి తెలుస్తోందని తెలిసీ నాచేత పట్టించావా? నన్ను నమ్మి నా ఒళ్ళో పడుకుందిరా అది.”

ఆసుపత్రిలో తనతో పనిచేసే డాక్టరమ్మ చేత కుట్లు విప్పిద్దామన్నాడు అతను. అయితే సంగతంతా ఆమెకి నీ నోటితోనే చెప్పమంది అక్క.

ఆసుపత్రికి వెళ్ళాక చెప్పాడు. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ తల తిప్పకుండా విని, నొప్పి తగ్గే మందు బయటికి తీసింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదేమో. అతను బయటికొచ్చి, పిల్లుల బుట్టలతో వచ్చినవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరో నమస్కారం పెడితే చూడనట్టు తల దించుకున్నాడు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. బొద్దు అతన్ని చూసి అక్క కాళ్ళ వెనక నక్కింది. అతను లేవబోయాడు.

“కూర్చో,” అంది అక్క మెల్లగా. “మేం వీధిలోకి వెళ్ళాక లేద్దువుగాని.”

అతను కూర్చున్నాడు.