అచ్చు చల్లారేదాకా

సంచుల ప్లాస్టిక్కూ మూతల ప్లాస్టిక్కూ ఒకదానికొకటి గిట్టనివి. కలిపి కరిగించినా పొరలుగా విడిపోతాయి. నడుమ గుప్పెడు అతుకు గింజలు పోస్తేనే పట్టుకుంటాయి. వేడి మించితే ఆ గింజలే మాడతాయి. ఇదంతా మిషనాయనకు వాసనతోనే తెలుస్తుంది.

తెలిసీ సాయంత్రాలు తప్పు చేస్తున్నాడు.

పాత ప్లాస్టిక్కు కరిగించి స్టూళ్లు పోసే ఆ షెడ్డు అతని చిన్నాన్న కొడుకుది. పొద్దున్నే రెండు స్టూళ్లు తెచ్చి ముందు పడేశాడు.

"చూడన్నయ్యా, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులు చూస్తున్నాయి. పగటివి బానే ఉన్నాయి, సాయంత్రం తీసినవే ఇలా. అచ్చుమీద తడిగోనె కప్పి, చల్లారకముందే లాగేస్తున్నావు కదూ?"

మిషనాయన ఒక స్టూలు తిరగేసి కాళ్లు తడిమాడు.

"పైన గట్టిపడితే చాలా? మైనంలా లోపలిదాకా పేరుకోవద్దూ? ఎందుకంత తొందర? ఇంట్లో ఎవరు కాచుక్కూచున్నారని?"

అన్నవాడికి ఆ మాట ఎక్కడ తగిలిందో తెలియలేదు.

"ఇవాళ కూడా వంకరపోతే మిషను మీద వేరే మనిషిని పెడతా. ఏమీ అనుకోకు."

ఇంట్లో ఎవరూ లేరు. భార్య పోయాక ఆ గదిలో మాట వినబడలేదు. ఉన్నదల్లా సాయంత్రం బస్సు. రాత్రి డ్యూటీకి వెళ్లే ఆసుపత్రి ఆయా కిటికీ దగ్గర కూర్చుని, పక్క సీటుమీద తన సంచి పెట్టి అతనికోసం ఆపుతుంది.

"రా, ఊకొట్టు అన్నయ్యా! నోరు విప్పకులే, ముత్యాలు రాలిపోతాయి," అని మొదలుపెడితే ఆసుపత్రి దాకా ఆమెదే మాట. ఊ కొట్టడం అతని వాటా. ఆ బస్సు తప్పితే ఇంటికి నడకే.

ఆ సాయంత్రం ఆఖరి అచ్చు బిగించాక గోనె తడిపాడు. చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. అచ్చుమీద కప్పకుండా అలాగే గోడమీద ఆరేశాడు.

అచ్చుమీద చెయ్యి పెట్టాడు. ఇంకా కాలుతోంది.

బస్సు వచ్చింది. గేటు దగ్గర నెమ్మదించి హారన్ కొట్టింది. తలుపులోంచి చూశాడు. కిటికీలో ఆయా తల బయటికి పెట్టి వెతుకుతోంది. పక్క సీటుమీద సంచి అలాగే ఉంది. చెయ్యెత్తుదామనుకున్నాడు. ఎత్తేలోపే బస్సు మలుపు తిరిగింది.

అచ్చు దానంతట అది చల్లారింది. విప్పాడు. స్టూలు నేలమీద పెట్టి నొక్కాడు. కదల్లేదు. కాళ్లు నిటారుగా ఉన్నాయి. దానిమీద కూర్చున్నాడు. కిర్రుమనలేదు. బాగుందని చెప్పడానికి చుట్టూ చూశాడు. గోనెలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఊ," అన్నాడు.