చూరు కింద కాయలు

మరిడమ్మ రోజూ తెల్లారగానే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, తల పైకెత్తి చూరు కింద ఓసారి వెతికేది. కాయ ఒక్కటీ కనబడేది కాదు. ఇక వంకాయల బుట్ట సర్దుకుని, కపిలేశ్వరపురం రేవుకి వెళ్లే పడవ కోసం అరుగు మీద కూర్చునేది.

గోదారి నడుమనున్న ఆ గువ్వలంక మూడేళ్లుగా కోతకి గురవుతోంది. గట్టు విరిగి ఏట్లో పడేముందు అక్కడి ఇళ్లు కాయలు కాస్తాయి. ఎగువింటి సత్యనారాయణమ్మగారి ఇల్లు ఫాల్గుణంలో బూరుగుకాయల్లే పగిలింది. గింజలు దూది పట్టుకుని గాలికి లేచి కొత్తపేట దగ్గర చేలో దిగేయి. వైశాఖానికల్లా అక్కడ మూడు గదులు, పెరట్లో నుయ్యితో సహా మొలిచేయి. వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయేరు. మాణిక్యాలరావుగారి ఇల్లు ఆముదం కాయలా ఎండకి టప్పున పేలి అవతలి గట్టు మీద పడింది. చివరింటివాళ్లకి కొబ్బరికాయంత కాయ కాసింది. అది నీళ్లలో పడి, తేలుకుంటూ పోయి ముమ్మిడివరం వేపు ఒడ్డెక్కింది.

అలా ఒక్కొక్కరే వెళ్లిపోగా మరిడమ్మ మిగిలింది. భర్త పోయి తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. ఒంటరి మనిషి ఇంటికి కాయ కాసేంత సత్తువ ఎక్కడిదిలే అనుకునేది.

సత్యనారాయణమ్మగారు సాయంత్రాలు ఫోన్ చేసేవారు. "వచ్చెయ్ మరిడీ. ఓ గది ఖాళీగానే ఉంది."

"అది మీకు మొలిచింది వదినా. నాకు మొలవాలిగా."

ఫోన్ పెట్టేసేక, మర్నాడు పడవ వచ్చేదాకా ఆమెతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు.

పడవ నడిపే గంగబాబుకి యాభై దాటేయి. పెళ్లి చేసుకోలేదు. మాటకారీ కాదు. రోజూ గట్టెక్కి వచ్చి చూరు కింద నించునేవాడు.

"ఎత్తమంటారాండి?"

"ఆయ్, ఎత్తండి."

బుట్ట ఎత్తుకుని నడిచేవాడు. రోజు మొత్తానికి వాళ్ల మాటలు అవే.

శ్రావణంలో వరదొచ్చింది. ఎర్రనీళ్లు వంగతోటని ముంచి అరుగు దాకా వచ్చేయి. గంగబాబు పడవని తిన్నగా గుమ్మం ముందుకే తెచ్చేడు.

"ఇంక ఉండకూడదండి. ఎక్కేయండి."

మరిడమ్మ చూరు వేపు చూసింది. "ఒక్క కాయైనా కాయలేదండి. దీన్నిలా ఎలా వదిలేయను?"

అతను తెడ్డు అరుగుకి ఆనించి పడవని నిలిపేడు. "కాసిందండి. మీది పైకి కనబడే రకం కాదు. ఉత్తరేణి గింజల్లాంటివి. బుట్ట ఎత్తేటప్పుడు నా లుంగీకి అంటుకొచ్చేవి. ఉత్తరేణే అనుకుని, పీకి మా వాకిట్లో పడేసేవాణ్ణి. నెల్లాళ్ల కిందట మొలిచింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే, నా వాకిట్లోకి రమ్మన్నట్టుంటుందేమోనండి."

మరిడమ్మ పడవెక్కింది. ఏటి మధ్యకి వచ్చేసరికి వెనక ఆమె ఇంటి ముందుగోడ నీళ్లలోకి జారింది. కప్పు కూడా మునిగేదాకా ఆమె అటే చూస్తూ కూర్చుంది. గంగబాబు అంతసేపూ తెడ్డు ఎత్తి పట్టుకుని పడవని ప్రవాహానికి వదిలేసేడు.

రేవు పక్కనే అతని ఇల్లు. వాకిట్లో గోడలు మోకాలెత్తు లేచేయి. గుమ్మం మాత్రం పూర్తిగా వచ్చేసింది. తలుపుకి నీలం రంగు. తన పడవకి వెయ్యగా మిగిలితే ఆమె భర్త లంకలో ఇంటి తలుపుకి వేసిన రంగు అది. చెయ్యి వేస్తే ఇంకా తడిగా ఉంది. మూడు గోడలే మొలిచేయి. నాలుగో వేపు గంగబాబు ఇంటి గోడకే ఆనుకుంది.

"నీళ్లు పోస్తున్నారా?" అంది.

"రెండు పూటలా అండి. కప్పు రావడానికి ఇంకో మూణ్ణెల్లు పడుతుంది. అందాకా మీరు లోపలుండండి. నేను అరుగు మీద పడుకుంటాను."

ఆమె అతని వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. బియ్యం డబ్బాలో పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఒక్కదానికే వండుకుంది. ఎంత తియ్యాలో తెలీలేదు.

గుమ్మం దాకా వచ్చి, "మీరేమాత్రం తింటారండి?" అని అడిగింది.

గంగబాబు చాలాసేపు ఆలోచించేడు. ఆ మాట అతన్ని ఎప్పుడూ ఎవరూ అడగలేదు.