కింద వినిపించేలా

టక టక టక టక...

మిషను నడుస్తోంది. చక్రం తిరుగుతోంది. సూది దిగుతోంది, లేస్తోంది.

సూదిలో దారం లేదు. సూది కింద గుడ్డ లేదు.

అయినా అక్క తొక్కుతూనే ఉంది.

కుట్టుపని తెలిసినవాళ్ళెవరూ మిషనును ఊరికే తొక్కరు. పాడవుతుంది. బట్టలు కుట్టి బతికిన మనిషికి ఆ సంగతి తెలియక కాదు. కింద చెల్లెలుంది. పాత ఇల్లు, చెక్క నేల. పైన చప్పుడు కిందికి, కింద చప్పుడు పైకి. మిషను వినిపించినంతసేపూ అక్కకేం ఢోకా లేదని చెల్లెలు అనుకోవాలి. అందుకని.

టక టక టక...

ఒకప్పుడు అందరూ కిందే ఉండేవారు. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది అక్కే. జడ వేసింది, బడికి పంపింది, పెళ్ళి చేసింది. ఆ తర్వాత కూడా ఒకే వంటిల్లు, ఒకే కబుర్లు.

ఒకరోజు మరిది, అదే చెల్లెలి మొగుడు, నవ్వుతూ అన్నాడు. "వదినా, మీ మిషను మోత నాకు కలలోక్కూడా వస్తోంది!"

హాస్యానికే అన్నాడు. చెల్లెలు కూడా నవ్వింది.

మరిది నవ్వితే ఏమీ కాలేదు. చెల్లెలు నవ్వింది చూడండి — అది గుచ్చుకుంది.

మర్నాడు మిషను పైగదికి ఎక్కింది. దాని వెనకాల మంచం. మంచం వెనకాల అక్క.

ఎన్నాళ్ళుంటుందిలే ఈ అలక, అనుకుంది చెల్లెలు. పిలవకపోతుందా, అనుకుంది అక్క. ఒక తల్లి బిడ్డలాయె... పంతంలో ఒకరికొకరు తీసిపోరు. ఏళ్ళు గడిచాయి. వీధిలో ఎదురుపడితే ఇద్దరికీ ఉన్నట్టుండి చెప్పుల పట్టీ సరిచేసుకోవాల్సి వచ్చేది.

పైగదిలో ఒక కంచం. ఒక గ్లాసు. ఒక మనిషికి వండటానికి చెయ్యి రాదు. నిన్నటిది ఇవాళ, ఇవాళ్టిది రేపు. తిన్నావా అని అడిగే గొంతు లేదు. బీపీ మాత్ర వేసుకున్నావా అని కసిరే గొంతు లేదు. కొన్నాళ్ళకు కసురుకునే మనిషి లేకపోవడమే హాయి అనిపించింది. ఆ హాయే లోపల్లోపల గుండెను తినేసింది.

ఒకరోజు బట్టల కొట్టు ముందు కూలబడిపోయింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆసుపత్రిలో చేర్చారు.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"అందరం ఉంటాం," అంది అక్క. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

"మంచిది. ఒంటరిగా మాత్రం ఉండకండి. ఎవరైనా పక్కనుంటేనే గుండె తేరుకుంటుంది. విశ్రాంతి తీసుకోండి. మిషను జోలికి పోకండి."

కబురు తెలిసి పరుగెత్తుకొచ్చిన చెల్లెలు ఆ గది గుమ్మంలో నిలబడి అంతా వింది. కళ్ళు వాచి ఉన్నాయి. "కిందికొచ్చెయ్యక్కా," అంది.

"నాకేమైందే? గుండ్రాయిలా ఉన్నాను."

ఆ మాట నోరు అంది. లోపల్నుంచి మాత్రం... అడగవే, ఇంకొక్కసారి అడగవే, అని ప్రాణం కొట్టుకుంది.

చెల్లెలు అడగలేదు.

ఆ రెండోసారి పిలుపు కోసమే ఇన్నాళ్ళూ బతికింది అక్క. పిలుపు రాలేదు. పంతం పోలేదు. గుండ్రాయినని చెప్పుకున్నాక గుండ్రాయిలా వినిపించాలి కదా. పైగదికే తిరిగొచ్చి రోజూ ఉత్త మిషను తొక్కింది. తొక్కుతుంటే ఆయాసం. ఆపితే భయం.

ఈ మధ్యాహ్నం ఆపేసింది.

కాళ్ళు సహకరించక కాదు. ఇక చాలనిపించింది. ఈ చప్పుడు ఆగితే చెల్లెలు పరుగెత్తుకొస్తుంది. రాకేం చేస్తుంది?

తలుపు గడియ తీసి పెట్టింది. దుప్పటి సరిచేసింది. వస్తే ఏమనాలి? ఇప్పుడు గుర్తొచ్చానా, అనాలి. వద్దు... అంటే వెళ్ళిపోతుంది. ఏమీ అనకూడదు. వెంట దిగిపోవాలి, అంతే.

మిషను ముందు కుర్చీలో కూర్చుని ఎదురుచూసింది.

కింద రేడియో ఆగిపోయింది.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మరిది దగ్గు కూడా ఆగిపోయింది. వీధి తలుపు మెల్లగా మూసుకుంది.

మెట్ల మీద అడుగులు లేవు.

వెళ్ళిపోయారు, అనుకుంది అక్క. నేనున్నానో పోయానో కూడా చూడకుండా, అందరూ కలిసి ఎక్కడికో వెళ్ళిపోయారు.

ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకే నొప్పి వచ్చింది. మొదట దవడలో. తర్వాత ఎడమ చేతిలో. ఆ తర్వాత ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు.

తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. నాలుగడుగులు! లేవలేకపోయింది.

కాలు మాత్రం మిషను మీదే ఉంది. తొక్కింది. ఎవరికైనా... దారిన పోయేవాళ్ళకైనా వినిపించకపోతుందా అని తొక్కింది.

టక... టక టక... టక.

కిందనుంచి చెల్లెలి గొంతు వచ్చింది.

"హమ్మయ్య! అక్క లేచింది. డాక్టరు వద్దన్నా ఆ మిషను మానదు కదా. ఇంతసేపూ కంటినిండా నిద్రపోయింది పాపం. ఇక రేడియో పెట్టుకోండి."

రేడియో మోగింది. గిన్నెలు మోగాయి. మరిది ఆపుకున్న దగ్గంతా ఒక్కసారి దగ్గాడు.

అక్కకు అర్థమైంది. ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది... తను పడుకుందనుకుని. తన నిద్ర చెడకూడదని వీధి తలుపు కూడా మూసుకుని. ఎన్నాళ్ళుగా ఇలా ఉంటున్నారో!

ఎంత పిచ్చిది తను. ఎంత పిచ్చిది చెల్లెలు.

కాలు ఆగిపోయింది.

వెంటనే రేడియో ఆగింది. "ష్... మళ్ళీ నడుం వాల్చినట్టుంది."

తొక్కితే బాగున్నట్టు. ఆపితే పడుకున్నట్టు. చచ్చిపోతున్నానని చెప్పే చప్పుడు ఆ ఇంట్లో ఏదీ మిగల్లేదు.

ఒక్క గొంతు తప్ప.

ఇన్నేళ్ళూ పిలవని గొంతు. పిలిపించుకోవాలనే చూసిన గొంతు. అక్క రెండు చేతులతో మిషను బల్లను పట్టుకుంది. కింద అందరూ తన కోసం నోళ్ళు మూసుకుని కూర్చున్న ఆ నిశ్శబ్దంలోకి, చిన్నప్పుడు జడ వేస్తూ పిలిచిన పేరుతో పిలిచింది.

"చిన్నీ..."

గాలే వచ్చింది. మాట రాలేదు.

కింద ఎవరూ కదల్లేదు, అక్క నిద్ర చెడుతుందని.

ఉన్న ఊపిరంతా కూడదీసుకుని మళ్ళీ పిలిచింది.